పింజ తెగేదాకా

మొన్న మంగళవారం పొద్దున నేను షట్టరు సగం ఎత్తానో లేదో, మసీదు కమిటీ ప్రెసిడెంటు దాని కిందనుంచే వంగి లోపలికి వచ్చి, గుప్పెడు దూది కావాలన్నాడు.

నాది పరుపుల కొట్టు. దర్శిలో, పొదిలి రోడ్డు మీద, మూడు గదులు. నేల నుంచి శ్లాబు దాకా పరుపులు, దిండ్లు. అందులో గుప్పెడు దూది లేదు. స్పాంజి ఉంది, రబ్బరు ఉంది, కొబ్బరి పీచు ఉంది, దిండ్లలోకి పాలియెస్టర్ ఉంది. ఆ చివరిది తెల్లగా, మెత్తగా అచ్చం దూదిలాగే ఉంటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

"ఎవరికి?" అన్నాను.

"చిన్న సారుకి. తెల్లారగట్ల పోయాడు. కఫనులోకి కావాలి."

మా వాళ్ళలో పోయిన మనిషికి స్నానం చేయించి తెల్లబట్ట చుట్టేటప్పుడు కాస్త దూదికి అత్తరు, కర్పూరం అద్ది పెడతారు. దానికి ఫలానా దూదే కావాలని ఎక్కడా లేదు. మెడికల్ షాపులో చుట్ట దొరుకుతుంది, అదే చెప్పాను.

"ఆయనకి మెడికల్ షాపు దూదా?" అన్నాడు ప్రెసిడెంటు. అని, నా మొహం చూడకుండా దిండ్లకేసి చూశాడు. తొమ్మిదేళ్ళ కింద ఆ పెద్దమనిషిని బడిలోంచి తీసేద్దామని పట్టుబట్టింది ఈయనే. నేను షట్టరు దించి బండి తీశాను.

చిన్న సారంటే వయసులో చిన్న అనుకునేరు. మసీదు పక్కన రేకుల షెడ్డులో పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పిల్లలకి అరబ్బీ చదవడం నేర్పే బడి ఉంది. నేను చెబుతున్న రోజుల్లో దానికి పెద్ద సారు హజరత్ గారు, ఆయనకి ఇరవై ఏడు. ఆయన దగ్గర అసిస్టెంటు చిన్న సారు, ఈయనకి అరవై నాలుగు. పెద్ద సారు పిల్లల పాఠం ఒప్పజెప్పించుకుంటాడు. ఆ పిల్లల్ని నిద్ర మొహాలతో ఉండగానే పట్టుకుని, ముక్కులు తుడిచి, పైజమా బొందులు కట్టి, చెప్పులు జతలు చేసి, పాఠం నోటికి తెప్పించి పెద్ద సారు ముందు కూర్చోబెట్టేది చిన్న సారు. పెద్ద సారుది చదువు చెప్పడం, ఈయనది మిగతాదంతా.

ఈ పనికి రాకముందు ఆయన దూది ఏకేవాడు. మేం నూర్‌బాషాలం, మా తాతలందరి పనీ అదే. భుజాన విల్లు వేసుకుని కనిగిరి నుంచి చీరాల దాకా ఊరూరా తిరగడం, వాకిట్లో కూర్చుని నారి మీద కొయ్య సుత్తితో టంయ్‌మని కొడుతూ గడ్డకట్టిన దూదిని విడదీయడం, పరుపు కుట్టి ఇచ్చి పక్క ఊరికి పోవడం. ఆయన ఏకిన దూదితో కుట్టిన పరుపుని గాలి రోజుల్లో మంచానికి కట్టేయాల్సి వచ్చేదంటారు. ముండ్లమూరు దగ్గర ఒక ఇంట్లో కట్టడం మర్చిపోతే, పొద్దున్నే పరుపుని పక్క చేలో కందిచెట్ల మీద పట్టుకున్నారు. ఇది నేను చూశానని చెప్పను. చూసినవాడికి మా ఇంట్లో రెండుసార్లు భోజనం పెట్టాను.

వరసకి ఆయన నాకు మామ. ఆయన విల్లు గోడెక్కడానికి కారణం నా పరుపుల కొట్టు. ఈ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు, కొట్టుకి వచ్చిన గిరాకీలందరితోనూ అనేవాడు. రోజూ బడి అయ్యాక ఎనిమిదింటికి వచ్చి, ఇన్ని పరుపులుండగా వాటి మధ్య ఉన్న చెక్క స్టూలు మీద కూర్చునేవాడు.

"పరుపు మీద కూర్చోవచ్చు గదా మామా."

"వద్దులే అల్లుడా. దూది పరుపుకి మనిషి గుర్తుంటాడు. పడుకున్న గుంట అట్లాగే ఉంచుతుంది. నీ స్పాంజికి, లేచిన మరుక్షణం మనమెవరో తెలీదు."

పదివేలు పెట్టి పరుపు కొనడానికి వచ్చిన కొత్త పెళ్ళికొడుకు ముందు ఈ మాట అంటే ఎట్లా ఉంటుందో ఆలోచించుకోండి.

అరబ్బీ ఆయన ఎక్కడ నేర్చాడు అని అడిగేవాళ్ళు. చిన్నప్పుడు తండ్రితో కలిసి మసీదు జంపఖానాల కింద పరిచే బొంతలన్నీ ఏకడానికి ఒక నెల పట్టిందట. అప్పటి పాత హజరత్ పిల్లలకి పాఠం చెబుతుంటే ఈయన విల్లు కొడుతూ విన్నాడు. నెల తిరిగేసరికి పిల్లలకి రానిది ఈయనకి వచ్చింది. తర్వాత ఏటా బొంతలు గడ్డకట్టాయో లేదో ఈయనే చూసుకుని, కట్టకపోయినా వెళ్ళేవాడు.

బడిలో ఆయన పద్ధతులు మూడు, మూడింటికీ పుస్తకంలో చోటు లేదు.

మొదటిది పళ్ళ పట్టిక. అరబ్బీలో కొన్ని అక్షరాలకి నాలిక కొసని పైపళ్ళ కిందికి తేవాలి. ఆరేళ్ళ పిల్లలకి పైపళ్ళు ఊడి ఉంటాయి. హజరత్ గారు కొత్తగా వచ్చిన నెలలో ఒక పిల్ల చేత ఆ అక్షరం పలికించడానికి ఎనిమిదయ్యేదాకా కష్టపడ్డాడు. చిన్న సారు వెనక నిలబడి చూసి చూసి, "ఈ అక్షరం ఇంకా రాలేదండి, దసరాకి వస్తుంది" అన్నాడు.

"దసరాకి ఎందుకు వస్తుంది?"

"పన్ను వస్తుంది గదండి."

షెడ్డు గోడ మీద బొగ్గుతో ఏ పిల్లకి ఏ పన్ను ఎప్పుడు ఊడిందో గీసి పెట్టుకునేవాడు. పన్ను లేని పిల్లకి ఆ పాఠం వాయిదా. పన్ను మొలవగానే వాయిదా పాఠాలన్నీ ఒకేసారి. పళ్ళ డాక్టరొకాయన తన పిల్లాణ్ణి దించడానికి వచ్చి ఆ గోడ చూసి, ఫోటో తీసుకుని వెళ్ళాడు.

రెండోది గొంతు అక్షరాలు. గొంతు లోపలినుంచి గీరుకుని రావాల్సినవి కొన్ని ఉంటాయి. మన నోటికి అవి అలవాటు లేవు. చిన్న సారు వాటిని మిర్చి రోజుల దాకా అట్టిపెట్టేవాడు. మార్చి నెలలో కల్లాల్లో కాయ ఎండుతుంటే, గాలి ఏ వైపు వీచినా ఊరంతా గొంతు సవరించుకుంటూనే ఉంటుంది. కల్లంలో పనిచేసే అమ్మల పిల్లలైతే ఒళ్ళంతా ఘాటుతో వస్తారు. వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. మొత్తం బడికి వారం రోజుల్లో గొంతు అక్షరాలు వచ్చేసేవి. "అరబ్బు దేశంలో పిల్లలు కూడా ఇంత బాగా పలకరు" అని హజరత్ గారు ముక్కు మీద రుమాలు పెట్టుకుని మెచ్చుకున్నాడు.

మూడోది దూది. దానివల్లే ఇదంతా వచ్చింది.

అరబ్బీ చదివేటప్పుడు కొన్ని చోట్ల గొంతు సాగదీయాలి. ఒక చోట రెండు లెక్కలు, ఒక చోట నాలుగు, ఒక చోట ఆరు. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. అందరూ వేళ్ళు ముడిచి లెక్కపెట్టిస్తారు. ఆరేళ్ళ పిల్లకి వేళ్ళు లెక్కపెట్టడమే ఒక పాఠం, గొంతు సాగదీయడం ఇంకో పాఠం, రెండూ ఒకేసారి రావు. చిన్న సారు శనగగింజంత దూది ఒకటి, రేగుపండంతది ఒకటి, ఉసిరికాయంతది ఒకటి ఉండలు చేసి పిల్లల చేతికిచ్చేవాడు. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగుతూ గొంతు సాగదీయాలి. దూది సన్నబడి, సన్నబడి, పింజ తెగుతుంది. తెగిన చోట ఆపాలి. శనగగింజ రెండు లెక్కలు, రేగుపండు నాలుగు, ఉసిరికాయ ఆరు. ఏ దూది ఎంతసేపట్లో తెగుతుందో నలభై ఏళ్ళు ఏకినవాడికి తెలుసు.

"తెగేదాకా అను. తెగిందా, ఆపు. అంతే, ఇంకేం లేదు" అనేవాడు. చదువు రాని పిల్లల్ని కూడా తిట్టేవాడు కాదు. "ఇంకా గింజ ఉంది, తీయాలి" అనేవాడు. పిల్ల మొండికేస్తే రెండు గింజలనేవాడు.

ఈ లోపల కమిటీ ప్రెసిడెంటుకి ఒక ఆలోచన వచ్చింది. చీరాలలో సర్టిఫికెట్ ఉన్న మనిషొకడు ఖాళీగా ఉన్నాడు. మన బడిలో అసిస్టెంటుకి సర్టిఫికెట్ లేదు, గోడల మీద పళ్ళు గీస్తాడు, పిల్లల చేత దూది పీకిస్తాడు. గుంటూరు నుంచి ఒక పెద్దాయన పిల్లల్ని పరీక్షించడానికి వస్తున్నాడు, ఆయన మాటే ఆఖరి మాట, పిల్లలు తప్పు చదివితే చిన్న సారుని ఇంటికి పంపిద్దాం, అన్నాడు. అంతేకాక పరీక్ష జరిగేటప్పుడు చిన్న సారు షెడ్డులో ఉండకూడదు, సైగలు చేస్తాడు, అని కూడా అన్నాడు.

ఆ రోజు మామ నా కొట్టుకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వచ్చిన గిరాకీలతో స్పాంజి మాట ఎత్తలేదు. నాలుగు పరుపులు అమ్ముడుపోయాయి.

"ఏం మామా, భయంగా ఉందా?"

"విల్లు గోడకి తగిలించిన రోజు నాకు యాభై ఆరురా అల్లుడా. ఈ బడి కూడా పోతే, ఇంక తగిలించడానికి నా దగ్గర ఏం లేదు."

గిరాకీ వచ్చినట్టు లేచాను.

పరీక్షకి ముందురోజు ఆయన ప్రతి పిల్లకీ ఖాళీ అగ్గిపెట్టెలో మూడు ఉండలు పెట్టి ఇచ్చాడు. మా పాప అప్పుడు ఒకటో తరగతి. అదీ ఆ బడిలోనే చదివేది. ఇంటికి తెచ్చిన మూడు ఉండలతో అది తన బొమ్మకి దిండు కుట్టింది. ఏం చేస్తుంది, తండ్రి వృత్తి. పొద్దున ఆరింటికి అగ్గిపెట్టె తీసి చూసి ఏడుపు మొదలుపెట్టింది. బొమ్మ తల కింది దిండు విప్పుదామంటే ఇంకా గట్టిగా ఏడ్చింది. నేను కొట్టులోకి వెళ్ళి ఒక దిండు కుట్టు ఊడదీసి, అందులోంచి తెల్లగా ఇంత పీకి, శనగగింజ, రేగుపండు, ఉసిరికాయ లెక్కన చుట్టి అగ్గిపెట్టెలో పెట్టాను. దూదేకుల ఇంట్లో పుట్టినవాడు చేయకూడని పని అని అప్పుడు తోచలేదు. తెల్లగా ఉంది, మెత్తగా ఉంది, పిల్ల ఏడుపు ఆపింది.

గుంటూరు పెద్దాయన వచ్చాడు. తెల్లగడ్డం, చెవి మడతలో అత్తరు దూది, నెమ్మదైన మనిషి. షెడ్డులో ఆయన, హజరత్ గారు, ప్రెసిడెంటు, పిల్లలు. బయట మెట్ల మీద మేం తల్లిదండ్రులం. గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకుని మామ. లోపల ఎవరు చదువుతున్నారో ఆయన చూడక్కరలేదు.

"ఇది టైలరు గారి పిల్ల. బాగుంది... వీడు వాళ్ళ తమ్ముడు. కింద పన్ను ఊగుతుంది, అయినా బాగుంది."

పదకొండు మంది చదివారు. ఎక్కడా తప్పు పోలేదు. పన్నెండోది మా పాప. రెండు లెక్కల చోటు వచ్చింది. శనగగింజంత ఉండ మరీ చిన్నది కాబట్టి చేతుల్లోంచి జారిపోయిందట, ఎలాగో ఆపింది. నాలుగు లెక్కల చోట, పక్క పిల్ల తన రేగుపండు లాగుతుంటే చూసి, అది తెగగానే ఆపేసింది. ఆరు లెక్కల చోటు వచ్చింది. ఉసిరికాయ తీసింది.

"ఆ..." అని మొదలుపెట్టింది.

గోడ దగ్గర మామ తల మెల్లగా ఊగింది. రెండు. నాలుగు. ఆరు. తల ఆగింది. లోపల గొంతు ఆగలేదు. మామ కళ్ళు తెరిచాడు.

"అల్లుడా."

"ఏం మామా."

"పిల్ల చేతిలోది ఎక్కడిది?"

"దూదే మామా."

"దూదికి అంత ఆయుష్షు ఉండదు. అది నీ కొట్టు సరుకు."

లోపలికి తొంగిచూశాను. పాలియెస్టర్ తెగదు. సాలెగూడులాగా సాగుతూనే ఉంటుంది. మా పాప రెండు చేతులూ బార చాపింది, ఇంకా తెగలేదు. చేతులు చాలక ఒక కొస పక్క పిల్లకి ఇచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. అది అబద్ధం. పక్క పిల్లే అడక్కుండా వచ్చి పట్టుకుంది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగిందని ప్రెసిడెంటు అంటాడు. నేను అరచుట్టు అంటాను. సొంత పిల్ల కాబట్టి తగ్గించి చెబుతున్నాను. మొహం ఎర్రబడి, కళ్ళు పెద్దవై, ఊపిరి అయిపోయి, పీచు వదలకుండానే చతికిలబడింది.

"చూశారా, ఇదీ ఇక్కడి చదువు" అన్నాడు ప్రెసిడెంటు.

పెద్దాయన ఆయనకేసి చూడకుండా మా పాపకి మంచినీళ్ళు ఇప్పించాడు.

"ఎందుకు ఆపలేదమ్మా?"

"తెగలేదు."

"ఏది?"

చేతిలోది చూపించింది. "తెగేదాకా అనమన్నారు చిన్న సారు."

"తెగకపోతే?"

పాప ఆలోచించింది. "ఆ పాఠం ఇంకా చెప్పలేదు."

చిన్న సారుని లోపలికి పిలిచారు. వెనకే నేనూ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్దాయన ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అన్నాడు.

"ఈ ఊరి పాత హజరత్ దగ్గర అయ్యా. ఆయనకి తెలీకుండా."

"సర్టిఫికెట్ ఉందా?"

"లేదయ్యా. అడగాలని నాకూ తెలీదు, ఇవ్వాలని ఆయనకీ తెలీదు."

మామ వంగి మా పాప చేతిలో పీచు తీసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒకసారి నలిపాడు. అది ఎవరి కొట్టుదో, ఎవరు చుట్టి ఇచ్చారో ఇప్పుడు చెబుతాడని నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

"పిల్లది తప్పు లేదయ్యా. పాఠంలో తప్పు లేదు. సరుకు తప్పు, దాన్ని నేను చూసుకోవాల్సింది. తమరి చెవిలోది ఒకసారి ఇప్పిస్తే..."

హజరత్ గారు నేలకేసి చూశాడు. గుంటూరు పెద్దాయన చెవిలోంచి దూది అడిగిన మనిషి అంతకుముందు లేడు, తర్వాత కూడా లేడు. పెద్దాయన చెవి మడతలోంచి అత్తరు దూది తీసి ఇచ్చాడు. మామ దాన్ని విడదీసి, ఊది, ఉసిరికాయంత చేసి పాప చేతిలో పెట్టాడు. అంత చిన్న ముక్క ఉసిరికాయంత ఎలా అయిందని అడగకండి. మంచానికి పరుపులు కట్టేయించిన చెయ్యి అది.

పాప మళ్ళీ మొదలుపెట్టింది. షెడ్డంతా అత్తరు వాసన. పెద్దాయన మోకాళ్ళ మీద రెండు చేతుల వేళ్ళు ఒకటొకటిగా ముడుచుకున్నాయి. ఆరో వేలు ముడవగానే పింజ తెగింది. గొంతు ఆగింది.

పెద్దాయన రెండు మాటలు రాసి ఇచ్చి గుంటూరు వెళ్ళిపోయాడు. మొదటి మాట: పిల్లల ఉచ్చారణ బాగుంది, అసిస్టెంటుని ఉంచాలి. రెండో మాట: దూది మాత్రం ఆపాలి, అందరిలాగే వేళ్ళతో లెక్క చెప్పాలి. ప్రెసిడెంటు మొదటి మాట మెల్లగా, రెండో మాట గట్టిగా చదివాడు.

"సరేనయ్యా" అన్నాడు మామ.

ఆ రోజు కూడా ఎనిమిదింటికి మామూలుగానే కొట్టుకి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, జేబులోంచి పాలియెస్టర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ సరుకు. దిండులో పెట్టెయ్ అల్లుడా, లేకపోతే కొన్నవాడి తల ఒక పక్కకి ఒరుగుద్ది."

"మామా, పొద్దున అది..."

"నాకెందుకురా ఆ సంగతి" అని పేపరు తీసుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. గిరాకీలతో అన్నాడేమోనని కొంతమందిని అడిగి చూశాను. వాళ్ళతో కూడా అనలేదు. అది నాకు ఇప్పటికీ నచ్చని విషయం.

మర్నాడు నేను పాపని దించడానికి వెళ్ళి షెడ్డులోకి చూశాను. అగ్గిపెట్టెలు లేవు. మామ ఉత్త చేతులు ఛాతీ ముందు పట్టుకుని, లేని దూది రెండు కొసలు పట్టుకుని, మెల్లగా లాగుతున్నాడు. ఎదురుగా ఇరవై మంది పిల్లలు ఉత్త చేతులతో గాలిని లాగుతున్నారు. ఎక్కడ తెగాలో అక్కడ అందరికీ ఒకేసారి తెగింది.

ప్రెసిడెంటు హజరత్ గారి దగ్గరికి వెళ్ళి ఇదేమిటన్నాడు.

"పెద్దాయన దూది వద్దన్నారు. చేతులు వద్దనలేదు" అన్నాడు హజరత్ గారు. ఆయన ఈ ఊరికి వచ్చాక మన పద్ధతిలో చెప్పిన మొదటి జవాబు అది.

మొన్న మంగళవారం నేను బండి వేసుకుని కురిచేడు రోడ్డులో నాలుగు కిలోమీటర్లు పోతే, ఒక చేలో పత్తి తీస్తూ ఒకామె కనిపించింది. సంగతి చెప్పాను.

"ఎవరికండీ, మీ నాన్నకా?"

"మామకి."

ఆమె ఒడి విప్పి, "పట్టుకుపో నాయనా, గింజలున్నాయి, నువ్వే తీసుకోవాలి" అంది.

ఇంటికి వచ్చి గింజలు తీయడానికి కూర్చున్నాను. దూదేకుల ఇంట్లో పుట్టి నలభై తొమ్మిదో ఏట మొదటిసారి గింజ తీశాను. చాలా కష్టమైన పని. మా పాప ఇప్పుడు పదో తరగతి. వచ్చి పక్కన కూర్చుని, నేను ఒకటి తీసే లోపల పది తీసింది. ఆఖర్న కాస్త తుంచి, రెండు కొసలు పట్టి లాగి చూసి, "మంచి పింజ నాన్నా. ఆరు వస్తుంది" అంది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. నేను మిగిలింది కాగితంలో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చాను. ప్రెసిడెంటు విప్పి చూసి, వాసన చూసి, లోపలికి పంపాడు.

మట్టి వేశాక హజరత్ గారు తల దగ్గర నిలబడి చదివాడు. ఇప్పుడు ఆయనకీ గడ్డంలో ఒకటి రెండు తెల్లవెంట్రుకలు. గొంతు బాగానే ఉంది. నేను గొంతు వినడం మానేసి ఆయన చేతులు చూశాను. ఆరు లెక్కల చోటు వచ్చేసరికి, ఆయనకి తెలియకుండానే, రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ దగ్గరికి చేరి, దేన్నో పట్టుకుని, మెల్లగా విడిపోవడం మొదలుపెట్టాయి.

ఎంత దూరం పోవాలో అంత దూరం పోయి, అక్కడ తెగింది.